తాతయ్య, నాన్నమ్మలతో అరకు క్విజ్



చలికాలం సెలవుల్లో మీలో చాలామంది అరకు ప్రయాణం పెట్టుకుంటారు. బొర్రా గుహల్లో మెట్లు దిగి ఎక్కలేమని, చలి పడదని పెద్దవాళ్ళు తరచూ ఇంట్లోనే ఆగిపోతారు. వచ్చినా ముందు సీట్లో కూర్చుంటారు, వెనక పిల్లలు మొబైల్‌లో ఏం చూసి నవ్వుతున్నారో తెలియక ఊరుకుంటారు. ఈ నెల జీకే పాఠం వాళ్ళను ఆటలోకి తీసుకురావడానికే. ప్రశ్న అడిగేది పిల్లలు, జవాబు చెప్పేది తాతయ్య, నాన్నమ్మ, అమ్మమ్మ. రోడ్డు మీదైనా ఆడుకోవచ్చు, ఇంట్లో భోజనాలయ్యాకైనా సరే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ క్విజ్ తెలుగులోనే ఆడండి. క్లాసులో ఇంగ్లీషులోనే మాట్లాడమని పిల్లలకు రోజూ చెప్పే టీచర్‌ని నేనే. అయినా ఈ గంటసేపు మాత్రం ఇంగ్లీషు వద్దంటాను. ఆరో తరగతి పాప ‘హైయెస్ట్ పీక్ ఏది తాతయ్యా’ అంటే ఆయన నవ్వి ఊరుకుంటారు. ‘అన్నిటికన్నా ఎత్తైన కొండ ఏది’ అంటే పది నిమిషాలు చెప్తారు. ఆ మౌనాన్ని చూసి తాతయ్యకు ఏమీ తెలియదని పాప అనుకుంటుంది. ఒకసారి అలా అనుకుంటే తర్వాత అడగడమే మానేస్తుంది.

టైమర్ పెట్టకండి, మార్కులు వేయకండి. పెద్దవాళ్ళకు జవాబు తెలిసే ఉంటుంది, పేరు నోటిదాకా వచ్చి ఆగుతుంది. కాస్త ఆగితే అదే వస్తుంది. పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు వయసులో చూసినవి, విన్నవి మనిషికి బాగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. మీ నాన్నగారు 1955లో పుట్టి ఉంటే 1965 నుంచి 1985 వరకు ఉన్న సంగతులు అడగండి. కింద సినిమా, రైలు, విస్తరాకు ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

సులువైన దానితో మొదలుపెడదాం. కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమా ఏ సంవత్సరంలో వచ్చింది? 1974లో. జవాబు వచ్చాక పిల్లలు వెంటనే రెండో ప్రశ్నకు వెళ్ళకూడదు. ఏ ఊళ్ళో, ఏ హాల్లో, ఎవరితో కలిసి చూశారో అంతా బయటికి రానివ్వండి. సినిమా చాలా భాగం చింతపల్లి ప్రాంతంలోనే తీశారు. అసలు రాజుగారు మొదట దాడి చేసింది కూడా చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే, 1922 ఆగస్టు 22న. తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. పిల్లలు తేదీలు బట్టీ పడతారు కానీ కారణం అడిగితే తడబడతారు. అడవి చట్టాలు పోడు వ్యవసాయానికి అడ్డుపడ్డాయి. రోడ్డు పనుల్లో కూలి సరిగా ఇవ్వకుండా గిరిజనులతో చాకిరీ చేయించుకున్నారు. తిరుగుబాటు అక్కణ్ణుంచి వచ్చింది.

ఇప్పుడు తగువు పెట్టే ప్రశ్న. అరకు ఏ జిల్లాలో ఉంది? తాతయ్య విశాఖపట్నం అంటారు. పిల్లలు అల్లూరి సీతారామరాజు జిల్లా అంటారు. పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతవరకు తాతయ్య జవాబే సరైనది. ఇలాంటి చోట పిల్లలకు నేర్పాల్సింది ఒక్క మాట. ‘తప్పు తాతయ్యా’ అనకుండా ‘అది ఏ సంవత్సరం జవాబు తాతయ్యా’ అని అడగాలి. జీకేలో జవాబులకు కూడా వయసుంటుంది.

ఇదే కోవలో ఇంకో రెండు. మన దేశంలో బ్రాడ్‌గేజ్ లైను మీద అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్టేషన్ ఏది? అరకు రైలెక్కిన పెద్దవాళ్ళు ఠక్కున శిమిలిగూడ అంటారు. సముద్రమట్టానికి 996 మీటర్లు. ఆ సంగతి స్టేషన్లో బోర్డు మీదే రాసి ఉండేది. కశ్మీర్ లోయలోకి బ్రాడ్‌గేజ్ వచ్చాక, ఖాజీగుండ్ లాంటి స్టేషన్లు 1,700 మీటర్లు దాటడంతో ఆ పేరు శిమిలిగూడకు పోయింది. కానీ ఈ లైను కథ పోలేదు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు ఈ దారిని 1960లలో జపాన్ సహకారంతో వేశారు. టూరిస్టుల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దింపి, అక్కణ్ణుంచి జపాన్ ఉక్కు ఫ్యాక్టరీలకు పంపడానికి వేశారు. అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017లో వచ్చింది. సొరంగం రాగానే బోగీ అంతా పిల్లలు కేకలు పెడతారు చూడండి, ఆ సొరంగాలు తవ్వింది ఖనిజం కోసం.

రెండోది, తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరం. పాత పాఠ్యపుస్తకాలు చదివినవాళ్ళు మహేంద్రగిరి అంటారు, 1,501 మీటర్లు. తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనూ చాలా ఏళ్ళు అదే ఉంది. ఒడిశాలో కోరాపుట్ వైపు ఉన్న దేవమాలి 1,672 మీటర్లు. మన అల్లూరి జిల్లాలోని అర్మకొండ, దానికే జిందగడ అని పేరు, 1,680 మీటర్లు. పరీక్షలో ఏది రాయాలని మీరు అడుగుతారని తెలుసు. ఆ సంవత్సరం మీ పిల్లల పుస్తకంలో ఏది ఉంటే అది రాయించండి, కొండ మాత్రం అర్మకొండే పెద్దది.

బొర్రా గుహల గురించి ఒకటే అడుగుతాను. ఆ గుహలతో ముడిపడిన నది ఏది, అది ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? గోస్తనీ, భీమిలి దగ్గర. విశాఖలో ఉండేవాళ్ళకు బీచ్ రోడ్డులో కనిపించే ఆ నీళ్ళే.

ఇక వంటింటి ప్రశ్న. దీన్ని నాన్నమ్మలకు, అమ్మమ్మలకు వదిలేయండి. కాఫీ, చింతపండు, చోళ్ళు, వలిసెలు. అరకు సంతలోనో, తోటల్లోనో కనిపించే ఈ నాలుగింటిలో మన దేశంలో పుట్టినది ఏది?

చాలామంది చింతపండు అంటారు. జవాబు ఏదీ కాదు. నాలుగూ ఆఫ్రికావే. అరబికా కాఫీ, వలిసెలు ఇథియోపియా వైపు నుంచి వచ్చాయి. ఆఖరి వారాల్లో పొలమంతా పచ్చగా పూసి, అందరూ నిలబడి ఫొటోలు దిగే పువ్వు వలిసె. రైతులు దాన్ని నూనె గింజ కోసం వేస్తారు, ఫొటోల కోసం తొక్కేస్తే నష్టం వాళ్ళదే. చోళ్ళు తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల పంట, వేల ఏళ్ళ కిందటే మన దగ్గరికి చేరింది. మీ ఇంట్లో రాయలసీమ కోడలో తెలంగాణ అల్లుడో ఉంటే ఇక్కడే ఇంకో ప్రశ్న. రాగులు, తైదలు, చోళ్ళు మూడూ ఒకటేనా? ఒకటే. చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికా ఉష్ణ ప్రాంతమే, తమాషా ఏమిటంటే అరబ్బులు దానికి ‘హిందూ దేశపు ఖర్జూరం’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇంగ్లీషు ‘టామరిండ్’ ఆ అరబిక్ పేరు నుంచే వచ్చింది.

నాలుగింటిలోనూ అరకుకు అందరికన్నా ఆలస్యంగా వచ్చింది కాఫీ. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు, రెండు పంటలూ ఒకే నేల మీద. గిరిజన రైతులు పండించే ఈ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపే తెరిచారు. నాన్నమ్మను అడగాల్సింది వేరే ఉంది. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఏమిటి? కాఫీ గింజ కాదు, వేరే మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. డికాషన్ చిక్కగా, నల్లగా దిగడం దాని పుణ్యమే.

బొంగు చికెన్ సంగతి మీకందరికీ తెలుసు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద కాలుస్తారు. బొంగులో తడి ఉంటుంది కాబట్టి ముక్క మాడదు. అంతే. నాకైతే దానికన్నా అడ్డాకు మీద ఎక్కువ మాట్లాడాలని ఉంది. ‘మీ పెళ్ళిలో భోజనాలు దేంట్లో పెట్టారు?’ అని అడగండి. అరటాకు కాకపోతే అడ్డాకు విస్తరి అంటారు. అది చెట్టు కాదు, పెద్ద చెట్లను అల్లుకుని పైకి పోయే తీగ. ఈ కొండల్లో ఆడవాళ్ళు ఆ ఆకులు కోసి, ఎండబెట్టి, పుల్లలతో కుట్టి సంతకు తెచ్చేవారు. కాగితం ప్లేట్లు, థర్మాకోల్ ప్లేట్లు వచ్చాక బేరం తగ్గింది. అడ్డాకు, చింతపండు, కుంకుళ్ళు, తేనె, కొండచీపుళ్ళు ఇవన్నీ గిరిజనుల దగ్గర కొనడానికి ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. దాని పేరు? గిరిజన సహకార సంస్థ, 1956లో మొదలైంది. మీరు కొనే తేనె సీసా మీద జీసీసీ అని ఉంటే అదే.

అన్నిటికన్నా నాకిష్టమైన ప్రశ్న ఇది. తెలుగుకు దగ్గరి చుట్టం ఏ భాష? తమిళమా, కన్నడమా? లిపి చూసి అందరూ కన్నడం అంటారు. లిపి వేరు, భాష వేరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వర్గీకరణలో తెలుగు ఉన్న శాఖలో తోటి భాషలు గోండి, కొండ, కుయి, కువి. అంటే అరకు సంతలో కువి మాట్లాడే ఆమె భాష మన భాషకు తమిళం, కన్నడం కన్నా దగ్గరిది. కృష్ణమూర్తి గారు కొండ భాష మీద 1969లో ఒక పుస్తకమే రాశారు. గోండిలో నీళ్ళను ‘ఏర్’ అంటారు, కొండ భాషలో ‘ఏరు’. మనకు ఏరు అంటే పారే నీరు. మాట ఒకటే, అర్థం కాస్త పక్కకు జరిగింది. అదే సంతలో గదబల గుతోబ్ వినిపిస్తే అది పూర్తిగా వేరే కుటుంబం. ముండా భాష, దూరపు బంధుత్వం కాంబోడియా, వియత్నాం భాషలతో. వీళ్ళందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడేది చాలాసార్లు ఆదివాసీ ఒడియా. ఒక మామూలు సంత రోజున ఆ బుట్టల పక్కన కూర్చున్న పెద్దావిడకు మూడు భాషలు వచ్చి ఉండొచ్చు. మన పిల్లలకు రెండు వస్తే మనం ఫోన్లో చుట్టాలకు చెప్పుకుంటాం.

కారు ఆపి ‘ట్రైబల్స్ చూడు’ అని పిల్లలకు చూపించకండి. పేరు అడగమనండి, రేటు అడగమనండి, నమస్కారం పెట్టమనండి. థింసా నాట్యం గురించీ అంతే. రిసార్టులో సాయంత్రం ఏడింటికి ఆడేది ప్రదర్శన. అసలు థింసా ఇటుకల పండగకు, చైత్రమాసంలో, ఊరంతా నడుములు పట్టుకుని గొలుసుగా ఆడేది.

చివరి ప్రశ్న పెద్దవాళ్ళకు కాదు, మీకు. అరకులో స్థలం కొనొచ్చా? గిరిజనేతరులు కొనలేరు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచారు, దాన్నే 1/70 చట్టం అంటారు. బొర్రా పరిసరాల్లో మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు భూమిని లీజుకివ్వకూడదని చెప్పింది. ఏజెంట్లు ఫోన్ చేస్తే ఈ రెండు సంవత్సరాలూ గుర్తుపెట్టుకోండి.

సెలవుల తర్వాత మొదటి సోమవారం పిల్లలు డైరీలో ఒక ప్రశ్న రాసుకురావాలి. అది తాతయ్య గానీ నాన్నమ్మ, అమ్మమ్మ గానీ అడిగినది, మీ ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేనిది అయ్యుండాలి. తెలుగులో, పిల్లల చేతిరాతతోనే. మీరు రాస్తే మాకు తెలిసిపోతుంది.