రోడ్డు ప్రమాదము - పోలీసు నివేదిక: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామము ప్రక్కన రోడ్డుపై కారు తగిలి ఎవరైనను పడిపోయినచో, జనులు మొదట పిలుచువారిలో పంచాయతీ సభ్యుడొకడు. ఆ గడియలో ఆయన చేయు పనిని బట్టి ఒక కుటుంబము నిలుచుటయో, చితికిపోవుటయో జరుగును.

మొదటి పని ప్రాణరక్షణ. 108 కు ఫోను చేసి అంబులెన్సును, 112 కు ఫోను చేసి పోలీసులను పిలువవలెను. సాయపడినవారు కేసులలో చిక్కుకొందురను భయము వలదు. మోటారు వాహనముల చట్టమునకు 2019 లో చేర్చిన 134-ఎ సెక్షను సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కల్పించుచున్నది.

రెండవ పని ఠాణాలో సమాచారము వ్రాయించుట. పొరపాటు జరుగునది ఇచ్చటనే. కారు యజమాని కొంత సొమ్ము ఇచ్చును. పెద్దలు రచ్చబండవద్ద రాజీ కుదుర్తురు. ఠాణాకు ఎవరును పోరు. కొన్ని మాసములకు కాలు నయము కాక, అప్పు పెరిగి, బాధితుడు పరిహారము కోరబోవును. అప్పుడు ఏ బండి తగిలినదో చూపుటకు కాగితమే ఉండదు. మంచి మనసుతో చేసిన రాజీయే అతని నోటి కూడు తీయును.

కావున తేదీ, వేళ, స్థలము, బండి నంబరు, చూచినవారి పేర్లు వెంటనే వ్రాసికొనవలెను. వీలైనచో ఫొటోలు తీయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173 వ సెక్షను ప్రకారము, ప్రమాదస్థలము తమ పరిధిలోనిది కాదని ఠాణావారు సమాచారమును త్రోసిపుచ్చరాదు. నోటితో చెప్పినదానిని వ్రాసి, చదివి వినిపించి, సంతకము తీసికొనవలెను. ఎఫ్.ఐ.ఆర్. అనబడు ఆ ప్రథమ సమాచార నివేదిక నకలును ఉచితముగా ఈయవలెను. నమోదుకు నిరాకరించినచో పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో వ్రాసి పంపవచ్చును. అప్పటికిని ఫలితము లేనిచో మెజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును.

మూడవ పని కాగితములను భద్రపరచుట. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయముల ధ్రువపత్రము, ఆసుపత్రి బిల్లులు, బండి బీమా వివరములు ఒకచోట ఉంచవలెను. మోటారు ప్రమాదముల పరిహార ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుటకు చట్టము విధించిన గడువు ప్రమాదము జరిగిన నాటినుండి ఆరు మాసములు. గుద్దిన బండి ఆచూకీ తెలియకున్నను నిరాశ చెందరాదు. 2022 ఏప్రిల్ 1 నుండి అట్టి ప్రమాదములలో మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు పరిహారముగా నిర్ణయింపబడినవి. దానికిని పోలీసు నివేదికయే ఆధారము.

సభ్యులు రాబోవు సమావేశమున ఈ విషయమును చదివి వినిపింపవలెను. ఠాణా ఫోను నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. బాధితుని ఓదార్చుట మంచిదే. అతని చేతికి నివేదిక నకలు అందునట్లు చూచుట అంతకంటెను మేలు.