బయోటెక్ ప్లాంటులో ఉద్యోగానికి ఏ కోర్సు?

ప్రశ్న: నార్త్ కరోలినాలో ఉంటున్నాం. పెళ్లికి ముందు గుంటూరులో బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. ఎమ్మెస్ లేకుండా బయోటెక్ ప్లాంటులో చేరవచ్చా?

జవాబు: నిక్షేపంగా చేరవచ్చమ్మా. మీ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలు నడిపే ‘బయోవర్క్’ కోర్సు ప్రాసెస్ టెక్నీషియన్ ఉద్యోగాల కోసమే పెట్టింది. వేక్ టెక్, డర్హమ్ టెక్, జాన్‌స్టన్ కాలేజీల్లో ఉంది. డిగ్రీ కూడా అడగరు. కెమిస్ట్రీ మీకు కొత్త కాదు. రికార్డు రాయడమే అసలు చదువు. మందు తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో అంకె తప్పు పడితే దాని మీదే దిద్దకూడదు, వైట్‌నర్ ముట్టుకోకూడదు. పాత అంకె కనిపించేలా ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేయాలి. ఆ మందు రోగి ఒంట్లోకి ఎక్కించేది మరి. ఉద్యోగంలో 12 గంటల షిఫ్టులు, రాత్రి డ్యూటీలు మామూలే, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. డిపెండెంట్ వీసా అయితే పని అనుమతి సంగతి తేలాకే ఫీజు కట్టండి.