మక్తబ్ గోడకు ఏం తగిలిద్దాం?

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) తమ అనుచరుల ముందు ఒక చతురస్రం గీశారు. దాని మధ్య నుండి బయటికి పొడుచుకు వచ్చేలా ఒక గీత గీశారు. ఆ గీత పక్కన మరికొన్ని చిన్న గీతలు గీశారు. ఆ తర్వాత వాటి భావాన్ని విడమరచి చెప్పారు. మధ్యనున్న గీత మనిషి. చుట్టూ ఉన్న చతురస్రం అతన్ని ఆవరించి ఉన్న మృత్యు గడువు. బయటికి పొడుచుకు వచ్చిన భాగం అతని ఆశ. చిన్న గీతలు అతనికి ఎదురయ్యే కష్టాలు; ఒకటి తప్పితే మరొకటి తగులుతుంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

మరోసారి ఆయన (సల్లం) ఒక తిన్నని గీత గీసి, ఇది అల్లాహ్ మార్గమని చెప్పారు. దానికి కుడి ఎడమల మరికొన్ని గీతలు గీసి, ఇవి వేరే దారులని, ప్రతి దారిలోనూ ఒక షైతాన్ నిలబడి పిలుస్తుంటాడని హెచ్చరించారు. అత్తహియ్యాత్ నేర్పేటప్పుడైతే, తన చేయి దైవప్రవక్త (సల్లం) రెండు చేతుల మధ్య ఉండగా నేర్చుకున్నానని అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) చెప్పుకున్నారు.

గమనించారా? వింటున్నవారు పెద్దలు. బోధిస్తున్నవారు సాక్షాత్తూ దైవప్రవక్త (సల్లం). అయినా మాటతో పాటు కంటికి కనిపించే గీత, చేతికి తగిలే స్పర్శ అవసరమయ్యాయి. మరి మన ఆరేళ్ల పిల్లవాడిని గోడకు ఆనించి కూర్చోబెట్టి, గంటసేపు ఖాయిదా చేతికిచ్చి, ముందుకూ వెనక్కూ ఊగుతూ చదవమంటే సరిపోతుందా?

మన పిల్లల పరిస్థితి

మన తెలుగు ముస్లిం ఇళ్లలో చాలామంది పిల్లలు పగలంతా తెలుగు లేక ఇంగ్లీషు మీడియం బడిలో ఉంటారు. అక్కడ అక్షరం ఎడమ నుండి కుడికి నడుస్తుంది. సాయంత్రం మక్తబ్‌కు వస్తే అక్షరం కుడి నుండి ఎడమకు నడుస్తుంది. పుస్తకం తెరిచే వైపు కూడా మారిపోతుంది. ఇంట్లో కొందరు ఉర్దూ, మరికొందరు తెలుగు మాట్లాడతారు. అరబీ మాత్రం దాదాపు అందరికీ కొత్తే. అలసిపోయి వచ్చిన పిల్లవాడికి అక్షరం తెలియకపోతే బెత్తం కనిపిస్తుంది. అలా దీన్ అంటే భయమన్న ముద్ర ఆ లేత మనసులో పడిపోతుంది. అయిదు నుండి ఎనిమిదేళ్ల మధ్య పడిన ఆ ముద్ర పెద్దయ్యాక చెరిపేయడం ఎంత కష్టమో తల్లిదండ్రులందరికీ తెలుసు.

సహాబియాల నుండి ఒక పాఠం నేర్చుకుందాం. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. ఆషూరా రోజున తాము ఉపవాసం పాటిస్తూ, తమ పిల్లల చేత కూడా పాటింపజేసేవారమని, వారి కోసం ఉన్నితో ఆటవస్తువులు చేసేవారమని, ఎవరైనా పిల్లవాడు ఆకలితో ఏడిస్తే ఇఫ్తార్ వేళ వరకు ఆ బొమ్మను చేతికిచ్చేవారమని ఆమె తెలిపారు. ఆ తల్లులు బజారుకు పోలేదు. ఇంట్లో ఉన్న ఉన్నితోనే చేశారు. ఆరాధన నేర్పడానికి అమ్మ చేతితో చేసిన వస్తువు అన్నది మనకు కొత్త విషయమేమీ కాదు.

అందుకే మక్తబ్ ఉస్తాద్‌లకు, ఆపాలకు, ఇంట్లో నేర్పే తల్లులకు పనికొచ్చే కొన్ని బోధనోపకరణాలను ఇక్కడ వివరిస్తున్నాము. వీటికి కావలసినవి పాత అట్టపెట్టెలు, దళసరి పెళ్లికార్డులు, ఖాళీ అగ్గిపెట్టెలు, చింతగింజలు, చీపురుపుల్లలు, దారం, మైదా జిగురు.

చింతగింజల నుక్తాలు

అరబీలో 28 అక్షరాలున్నా ఆకారాలు అంతకంటే తక్కువే. చాలా అక్షరాల మధ్య తేడా చుక్కలోనే, అంటే నుక్తాలోనే ఉంది. బా, తా, సా మూడింటిదీ ఒకే పడవ ఆకారం. కింద ఒక చుక్క ఉంటే బా, పైన రెండుంటే తా, పైన మూడుంటే సా. అలాగే జీమ్, హా, ఖా. జీమ్‌కు చుక్క కడుపులో, ఖాకు పైన, హాకు అసలు లేదు.

అరచేయంత అట్టముక్కపై చుక్కల్లేని పడవను లావుగా గీయండి. పిల్లవాడి చేతికి మూడు చింతగింజలివ్వండి. "తా చేసి చూపించు బేటా" అనండి. రెండు గింజలు పైన పెడతాడు. "ఇప్పుడు బా?" అనగానే ఒకటి తీసేసి, మిగిలినదాన్ని కిందికి జరుపుతాడు. నోటితో పదిసార్లు వల్లించినా నిలవనిది వేలితో ఒకసారి జరిపితే నిలుస్తుంది. తప్పు పెట్టినా ఫరవాలేదు. గింజ జరిపితే చాలు, రబ్బరుతో చెరిపే పని లేదు. అయితే గింజలు నోట్లో పెట్టుకునే పసివాళ్లు దగ్గరలో ఉంటే ఈ పని పెద్దవాళ్ల కళ్లముందే జరగాలి.

ప్రతి అట్టకు పైభాగాన కుడి నుండి ఎడమకు పోయే ఒక బాణం గుర్తు వేయండి. చదువు ఎటు నుండి మొదలవుతుందో పిల్లవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

అగ్గిపెట్టెల రైలు

విడివిడి అక్షరాలు బాగా చదివిన పిల్లవాడు కూడా కలిపి రాసిన పదం దగ్గర ఆగిపోతాడు. అక్షరం కలిసినప్పుడు దాని రూపం మారడమే కారణం. ఖాళీ అగ్గిపెట్టెలకు తెల్లకాగితం అంటించి, ఒక్కోదానిపై ఒక్కో అక్షరం రాయండి. రెండు పక్కలా దారపు కొక్కెం పెట్టండి. ఇవి రైలుపెట్టెలు. ఇంజను కుడివైపున ఉంటుంది. అలిఫ్, దాల్, జాల్, రా, జా, వావ్ అనే ఆరు అక్షరాల పెట్టెలకు మాత్రం ఎడమవైపు కొక్కెం పెట్టకండి. ఎందుకంటే ఈ ఆరు అక్షరాలు తమ ముందు వచ్చిన అక్షరంతో కలుస్తాయి గాని, తర్వాత వచ్చే అక్షరంతో కలవవు. ఈ నియమాన్ని పిల్లలు కంఠస్థం చేయనక్కర్లేదు. కొక్కెం లేని చోట రైలు ఆగిపోవడం చూసి వారే కనిపెడతారు.

వుజూ అట్టలు, నమాజు గింజలు

వుజూ క్రమాన్ని అట్టముక్కలుగా చేయవచ్చు. పిల్లవాడి అరచేతిని, పాదాన్ని అట్టపై ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసి కత్తిరించండి. చేతులు కడగడం, నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు ఎక్కించడం, ముఖం కడగడం, మోచేతుల వరకు కడగడం, తలపై మసహ్ చేయడం, పాదాలు కడగడం - ఇలా ఒక్కో అట్టపై ఒక్కో పని రాసి, దాని కింద నీటి చుక్కలు గీయండి. మూడుసార్లు కడిగేదానికి మూడు చుక్కలు, మసహ్‌కు ఒకటి. అట్టలన్నీ కలిపేసి, వరుసగా పేర్చమనండి. తర్వాత కుళాయి దగ్గరికి తీసుకువెళ్లి నిజంగా వుజూ చేయించండి. అట్ట దగ్గరే ఆగిపోతే పాఠం సగమే అయినట్లు.

ఫర్జ్ రకాతుల లెక్కకు కూడా గింజలే చాలు. అయిదు చిన్న మూతలు తీసుకుని వాటిపై నమాజుల పేర్లు రాయండి. ఫజ్ర్‌లో 2, జుహ్ర్‌లో 4, అస్ర్‌లో 4, మగ్రిబ్‌లో 3, ఇషాలో 4 గింజలు వేయమనండి. మొత్తం 17. రోజుకు 17 ఫర్జ్ రకాతులని తమ లెక్కతో తామే తెలుసుకున్న పిల్లలు మరచిపోరు.

నీడ, గడియారం, నెలవంక

నమాజు వేళలను అట్ట గడియారంతో నేర్పవచ్చు. అయితే ముళ్లు కదిలేలా పెట్టండి, అంటించకండి. వేళలు సూర్యుణ్ణి బట్టి మారుతుంటాయి. శ్రీకాకుళంలో మగ్రిబ్ అజాన్ హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాల ముందే అవుతుంది. ఈ సంగతి పిల్లలకు అర్థం కావాలంటే సెలవురోజున పెరట్లో ఒక చీపురుపుల్లను నిటారుగా గుచ్చండి. మధ్యాహ్నానికి ముందు నుండి కొద్దిసేపటికొకసారి నీడ చివర ఒక గులకరాయి పెట్టించండి. నీడ తగ్గుతూ తగ్గుతూ వచ్చి, మళ్లీ పెరగడం మొదలవుతుంది. జుహ్ర్ వేళ ప్రవేశించేది అప్పుడే. అజాన్ ఎవరో గడియారం చూసి పెట్టుకున్న నియమం కాదని, అల్లాహ్ నడిపే సూర్యుని లెక్క అని పిల్లల కళ్లే వారికి చెబుతాయి.

గోడపై 12 చాంద్రమాన నెలల పేర్లతో ఒక అట్టచక్రం పెట్టండి. నెల చివర 29వ రోజు సాయంత్రం పిల్లలను బయటికి తీసుకువెళ్లి, సూర్యుడు అస్తమించిన వైపు నెలవంక కోసం వెతకమనండి. కనిపిస్తే చక్రం తిప్పే అవకాశం ముందుగా చూసినవారిది. కనిపించకపోతే 30 పూర్తిచేయాలని నేర్పండి.

మేము చేసిన పొరపాటు

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. మేము పిల్లలకు చదువు చెబుతున్న చోట ఒకప్పుడు గోడకు పెద్ద నమాజు చార్టు తగిలించాము. పిల్లల పేర్లు వరుసగా రాసి, చేసిన ప్రతి నమాజుకు ఒక బంగారురంగు నక్షత్రం అంటించేవాళ్లం. చూడటానికి ఎంతో అందంగా ఉండేది. వచ్చినవారందరూ మెచ్చుకునేవారు. మాకూ గర్వంగానే ఉండేది.

మూడు వారాలు గడిచేసరికి ఫజ్ర్ గళ్లన్నీ నక్షత్రాలతో నిండిపోయాయి. ఒక తల్లి వచ్చినప్పుడు ఆ సంతోషం ఆమెతో పంచుకున్నాము. ఆమె ముఖం చిన్నబోయింది. "మావాడు ఫజ్ర్‌కు ఒక్కరోజూ లేవలేదండీ, బడి వేళకే లేపలేక చస్తున్నాను" అన్నారు. పిల్లవాడిని దగ్గరకు తీసుకుని అడిగాము. కాసేపు ఊరుకుని, "నా గడి ఖాళీగా ఉంటే అందరూ నవ్వుతున్నారు ఉస్తాద్" అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. నమాజు నేర్పాలని పెట్టిన చార్టు ఆరేళ్ల పిల్లవాడికి అబద్ధం నేర్పింది. ఏడేళ్లు వచ్చాక నమాజు చేయమని చెప్పండని దైవప్రవక్త (సల్లం) తల్లిదండ్రులను ఆదేశించారు. వాడికింకా ఆ వయసే రాలేదు. అల్లాహ్ అడగని లెక్కను మేము గోడమీద, పదిమంది ముందు అడిగాము. చూసేవారి కోసం చేసే ఆరాధనను రియా అంటారని పెద్దలకు చెబుతూ, పిల్లలకు దానికే బీజం వేశాము. ఆ సాయంత్రమే చార్టు తీసేశాము. తప్పు మాదేనని పిల్లలందరి ముందు చెప్పాము.

ఇప్పుడు అక్కడ పేర్లు లేని ఒక చెట్టు ఉంది. మంచిమాటను, వేళ్లు గట్టిగా నాటుకుని కొమ్మలు ఆకాశానికి పెరిగిన మంచి చెట్టుతో దివ్యఖుర్ఆన్ ఇబ్రాహీమ్ సూరాలో పోల్చింది. పిల్లలు కొత్త దుఆ నేర్చుకున్నా, ఎవరికైనా సాయం చేసినా ఒక ఆకుపచ్చ కాగితపు ఆకు కత్తిరించి తామే అంటిస్తారు. ఏ ఆకు ఎవరిదో అల్లాహ్‌కు తెలుసు. చెట్టు మాత్రం అందరిదీ. ఆ పిల్లవాడు మొదటి ఆకు అంటించడానికి చాలా రోజులు తీసుకున్నాడు. మేము తొందరపెట్టలేదు.

కొన్ని మర్యాదలు

1. ఏ వస్తువైనా వీలైనంత వరకు పిల్లల చేతితోనే చేయించండి. వంకరగా వచ్చినా సరే. ఉస్తాద్ చేసిన అందమైన చార్టు కంటే పిల్లవాడు చేసిన వంకర అట్టే వాడికి ఎక్కువ నేర్పుతుంది.

2. పిల్లల కంటి ఎత్తులో తగిలించండి. గోడంతా నింపకండి. నెలకు రెండు మూడు చాలు. పాఠం అయ్యాక మార్చండి.

3. ప్రాణుల రూపాలు గీయకండి. ప్రవక్తల, సహాబాల చిత్రాలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చిత్రకారుడొకరు సలహా అడిగితే, చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకోమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పారు. ఆకులు, చంద్రుడు, కాబా, మస్జిదు, ఖర్జూరపు చెట్టు మనకు చాలు.

4. అల్లాహ్ నామాలు, ఆయతులు రాసిన అట్టలను నేలపై పరచకండి, ఆటవస్తువులు చేయకండి. ఆటకు విడి అక్షరాలు వాడండి. పాతబడిన ఆయతుల అట్టలను చెత్తలో వేయక, గౌరవంగా పాతిపెట్టండి.

5. ఇతర మతస్తుల దేవతల బొమ్మలున్న పాత కేలండర్లను, పెళ్లికార్డులను కత్తిరించకండి. అది మనకూ తగదు, పొరుగువారి మనసూ నొచ్చుకుంటుంది.

6. దుఆ అట్టపై అరబీ కింద దాని అర్థాన్ని తెలుగులో రాయండి. తాను ఏం అడుగుతున్నాడో పిల్లవాడికి తెలియాలి.

ఈ నెల ఇంటిపని

తల్లిదండ్రులారా! ఈ నెలలో ఒక్క సాయంత్రం టీవీ, సెల్‌ఫోను పక్కనబెట్టి మీ పిల్లలతో కలిసి కూర్చోండి. పళ్లెమంత గుండ్రని అట్ట కత్తిరించండి. హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) బాలుడిగా ఉన్నప్పుడు భోజనం దగ్గర దైవప్రవక్త (సల్లం) ఆయనకు మూడు విషయాలు నేర్పారు. అల్లాహ్ పేరుతో మొదలుపెట్టడం, కుడిచేత్తో తినడం, తనకు దగ్గరగా ఉన్నచోటి నుండి తినడం. ఈ మూడింటినీ ఆ అట్టపై పిల్లల చేతనే తెలుగులో రాయించి, మీరు భోంచేసే చోట తగిలించండి. ఆ తర్వాత పిల్లలు చూసేది అట్టను కాదు, మీ చేతిని. అబ్బా ఏ చేత్తో తింటున్నారు, అమ్మీ బిస్మిల్లాహ్ అన్నారా లేదా అని. పిల్లల ముందు ఉన్న అన్నిటికంటే పెద్ద చార్టు మనమే.

మన చిన్నారుల హృదయాల్లో దీన్ పట్ల భయాన్ని కాక ప్రేమను నాటే నేర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన చేతులు చేసే చిన్న పనులను స్వీకరించుగాక! ఆమీన్.