విక్రాంత్‌పై తాతయ్య

ప్రశ్న: నౌకాదళంలో విమాన మెకానిక్‌గా చేసిన మా తాతయ్య 1971 భారత్-పాక్ యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్‌పై ఉన్నారని అమ్మ చెబుతుంది. ఆయన పోయారు. వివరాలెలా తెలుస్తాయి?

జవాబు: ముందు పెన్షన్ కాగితాలు, డిశ్చార్జి పుస్తకం వెతకండి. సర్వీసు నంబరు కావాలి. ఒకే పేరు ఎందరికో ఉంటుంది. ఆ నంబరు, మరణ ధ్రువపత్రం జతచేసి నావికుల సర్వీసు రికార్డులుండే ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కు అమ్మమ్మగారి చేత రాయించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది.

పతకాలు తప్పక చూడండి. పూర్వీ స్టార్ ఉంటే ఆ యుద్ధంలో విక్రాంత్ ఉన్న తూర్పు రంగంలో పనిచేసినట్టే. అప్పుడు విక్రాంత్‌పై ఉన్న విమానాల్లో 300 స్క్వాడ్రన్‌వి సీ హాక్‌లు, 310వి అలిజేలు. డిసెంబరు 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడికి లేచినవి సీ హాక్‌లే. తాతయ్యది ఏ స్క్వాడ్రనో తెలిస్తే ఆయన రోజులు కళ్లకు కడతాయి. అది చెప్పగల సహచరులు ఇప్పుడు బాగా పెద్దవాళ్లు. ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగకుండా, ఈ వారమే వాళ్లను కలవండి.