జొన్న ఆకులో విషమెచ్చట దాగియున్నది?

జొన్న మన మెట్టసీమల ప్రాచీనమైన పంట. దాని గింజ మనుష్యునకు అన్నము, చొప్ప పశువునకు మేత. అయినను ఇదే జొన్న కొన్ని వేళల పశువుల ప్రాణము తీయును. వానలు ముఖము చాటువేసి చేను బెట్టకు వచ్చినప్పుడును, పంట కోసిన పిమ్మట మోడులనుండి లేత పిలకలు లేచినప్పుడును, ఆ చేనిలో పడి ఆబగా మేసిన ఎద్దు ఒక్కొక్కప్పుడు గంట గడువకమునుపే నేల గూలును. దీనినే మన రైతులు ‘నాము’ అందురు. ఒక జత ఎద్దులనో, పాడి గేదెనో ఇట్లు పోగొట్టుకొనిన కుటుంబము మరల నిలద్రొక్కుకొనుటకు ఏండ్లు పట్టును. కావున నాము అననేమి, అది ఆకులో ఏ చోట నుండును, శాస్త్రజ్ఞులు ఆ చోటును ఎట్లు కనుగొనిరి అను విషయములను పంచాయతీ సభ్యులకు ఒక పాఠముగా వివరింపదలచితిమి.

పసుపు, సున్నము

1902వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున డన్‌స్టన్, హెన్రీ అను రసాయన శాస్త్రజ్ఞులు లేత జొన్న మొక్కలనుండి ఒక పదార్థమును వేరుచేసిరి. జొన్నకు గల అరబ్బీ పేరునుబట్టి దానికి ‘ధురిన్’ అని నామకరణము చేసిరి. ధురిన్ ఉన్నచోటనే ఉన్నంతవరకు హాని లేదు. ఆకులోనే ఎంజైములను మరికొన్ని పదార్థములు కలవు. ఇవి ధురిన్‌ను తాకినప్పుడు అది విడిపోయి, హైడ్రోసయనిక్ ఆమ్లమను ఘోరవిషము వెలువడును.

పసుపు ఒక భరిణెలో, సున్నము మరియొక భరిణెలో ఉన్నంతకాలము దేని రంగు దానిదే. రెండింటిని కలిపిన క్షణమున ఎరుపు పుట్టును. నాము సంగతియు ఇట్టిదే. మరి రెండును ఒకే ఆకులో నుండగా మొక్క తానే ఏల చావదు? అవి వేర్వేరు గదులలో ఉండవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. తలచుట వేరు, కొలిచి చూపుట వేరు.

ఆకులోని గదులు

ఆకు కంటికి ఒక పలుచని రేకువలె కనబడినను, అది లక్షలాది కణములతో కట్టిన ఇల్లు. పైనను క్రిందను చర్మమువంటి పొర కలదు. నడుమ పచ్చని కండ కలదు. ఈనెల చుట్టును మరియొక వరుస కణములు కలవు. ఒక్కొక్క కణములో మరల గదులున్నవి. నీటికుండవంటి రిక్తిక ఒకటి. సూర్యరశ్మితో ఆహారము తయారుచేయు హరితరేణువులు వేరొకటి.

ఆకును నూరి రసము తీసి కొలిచినచో, విషము మొత్తము ఎంత అన్నది తెలియును. కాని అది ఏ గదిలో ఉండెనో తెలియదు. వంటింటి డబ్బాలన్నియు రోటిలో కుమ్మరించి దంచిన పిమ్మట, ఏ దినుసు ఏ డబ్బాలో ఉండెనని అడిగినట్లగును.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో ఎరిక్ కాన్, ఆయన సహచరులు ఈ చిక్కును విప్పిరి. వారు ఆరు దినముల జొన్న మొలకల ఆకులను నూరలేదు. కణముల గోడలను మాత్రము కరగించు ఎంజైములలో నానవేసి, కణములను చెడకుండ విడదీసిరి. చర్మపు కణములు, కండ కణములు, ఈనెల చుట్టునుండు వరుసలు వేర్వేరుగా ప్రోగుచేసి, ఒక్కొక్క దానిని కొలిచిరి. 1979లో ప్రకటించిన ఫలితమిది: ధురిన్ అంతయు చర్మపు పొరలోనే ఉన్నది, దానిని విడగొట్టు ఎంజైములు దాదాపు పూర్తిగా నడిమి కండలో ఉన్నవి. అంతకు ముందు సంవత్సరమే, ధురిన్ కణములోని రిక్తికలో నిలువయుండునని వారు చూపియుండిరి. 1981లో, మొదటి ఎంజైము హరితరేణువులలో ఉండునని తేల్చిరి. పసుపు భరిణె, సున్నపు భరిణె ఇట్లు దొరికినవి.

క్షణములో మారు పదార్థములు

ధురిన్ కదలక నిలుచు పదార్థము గనుక ఈ పద్ధతి చెల్లినది. ఆకులోని చక్కెరలు మున్నగునవి అట్లు కావు. కణములను విడదీయు కాలములోనే అవి మారిపోవును. వానికి వేరొక ఉపాయము కావలెను. 1984లో జర్మనీలోని గాటింగెన్ నగరమున గెర్హార్ట్, హెల్ట్ అను శాస్త్రజ్ఞులు స్పినాచ్ అను ఆకుకూరపై చేసిన పని ఇందుకు పేరుపొందినది. ఆకును సున్నకు దిగువ 196 డిగ్రీల చలిగల ద్రవ నైట్రోజనులో తటాలున గడ్డకట్టించి, తడి లేకుండ ఎండించి, నీరు కలియని ద్రవములలో నలుగగొట్టుదురు. నీరు లేనందున చక్కెరలు కరగవు, చోటు విడువవు. అటుపై తేలికైన రేణువులను, బరువైన వానిని పొరలు పొరలుగా విడదీయుదురు. ఏ పొరయు శుద్ధముగా ఒకే గదికి చెందదు. కాని ప్రతి గదికిని దానికే చెందిన గుర్తు ఎంజైము ఒకటి కలదు. ఏ పొరలో ఏ గుర్తు ఎంత ఉన్నదో కొలిచి, వెదకు పదార్థము ఏ గుర్తును వెన్నంటి పోవుచున్నదో లెక్కకట్టుదురు.

పశువు నమలినప్పుడు

ఇక మన చేనికి వత్తము. పశువు లేత జొన్న ఆకును నమలినప్పుడు చర్మము, కండ నలిగి గదుల గోడలు కూలును. వేరుగానున్నవి కలియును. పశువు పొట్టలోని సూక్ష్మజీవులును ధురిన్‌ను విడగొట్టును. వెలువడిన విషము రక్తములోనికి పోయి, శరీర కణములు ప్రాణవాయువును వాడుకొనకుండ అడ్డుపడును. పశువు దేహపు బరువులో కిలో ఒక్కింటికి సుమారు 2 మిల్లీగ్రాముల విషము ప్రాణాంతకము. 300 కిలోల ఎద్దునకు 600 మిల్లీగ్రాములు చాలును. కిలో పచ్చిమేతనుండి 200 మిల్లీగ్రాములు వెలువడు పక్షమున, ఒక్కపెట్టున మేసిన 3 కిలోల మేతయే దాని చావునకు కారణము కాగలదు.

పైకి పచ్చగా, నవనవలాడుచున్నంత మాత్రమున మేత మంచిదని నమ్మరాదని దీనివలన స్పష్టమగుచున్నది.

పంచాయతీల కర్తవ్యము

సభ్యులగు సోదరీసోదరులారా! ఈ క్రింది విషయములను మీ ఊర దండోరా వేయించి అందరికిని తెలుపుడు.

లేత జొన్నను పూతకు ముందు మేపరాదు. బెట్టకు వచ్చిన చేనిలోనికి, కోత పిమ్మట పిలకలు లేచిన మోళ్లలోనికి పశువులను తోలరాదు. నత్రజని ఎరువు మిక్కుటముగా వేసిన చేనిలో విషము హెచ్చును. కోసి సగము వాడిన ఆకును పెట్టరాదు. బాగుగా ఎండిన చొప్పలో విషము చాలవరకు తగ్గును. ఆకలిగొన్న పశువును జొన్నచేని గట్టున విడువరాదు.

మేసిన పశువు రొప్పుచు, తూలుచు, నేలబడి కొట్టుకొనుచున్నచో అది నామని శంకించి తక్షణమే పశువైద్యుని పిలువవలెను. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను మందులను ఆయన నరములోనికి ఎక్కించును. వేళకు అందినచో పశువు బ్రతుకును. నాటు వైద్యములతో గడుపు ప్రతి నిమిషమును ప్రాణమునకు చేటు. పశువైద్యుని దూరవాణి సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు.

మొక్క తన విషమును భద్రముగా విడదీసి దాచుకొన్నది. ఆ గదుల గోడలు పశువు నోట కూలకుండ చూచుట మన వంతు. ఈ సంవత్సరము మీ ఊర ఒక్క పశువైనను నాము వాత పడలేదని మీరు చెప్పగలిగిన దినమున ఈ పాఠము సార్థకమైనట్లు మేము భావింతుము.