మోరీ ఎందుకు నిలిచిపోతుంది?



మెదక్ పట్టణంలో ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఒకనాటి ఉదయం ఆ ఇంటి స్నానాలగదిలో నీళ్లు పోవడం మానేశాయి. బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే జాలీలోంచి నల్లని నీళ్లు పైకి ఉబికి వస్తున్నాయి. ఇంటాయన వెదురుబద్దతో పొడిచాడు, లాభం లేదు. బజారులో దొరికే యాసిడ్ పోశాడు, లాభం లేదు. ప్లంబరు వచ్చి చూసి, "మీ పైపు బాగానే ఉంది, బయటి మోరీ జామ్ అయింది" అన్నాడు. మోరీ తీసేవాళ్లేమో, "మోరీలో ఏమీ లేదు, మీ ఇంట్లోనే చూసుకోండి" అన్నారు. ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఇంటి నిండా దుర్వాసన, దోమలు!

ఇద్దరిలో ఎవరి మాట నిజం? దీనిని వాదించి తేల్చలేము. సైన్సుతో మాత్రం తేల్చవచ్చు. ఎలాగో చూద్దాం.

నీటిని నడిపించేది ఏది?

కుళాయిలో నీరు ట్యాంకు పీడనంతో వస్తుంది. కాని మురుగు పైపులో అటువంటి పీడనం ఉండదు. అక్కడ నీటిని నడిపించేది భూమ్యాకర్షణ ఒక్కటే. అందువల్ల పైపుకు వాలు తప్పనిసరి. 10 సెంటీమీటర్ల వ్యాసం గల పైపును సాధారణంగా 40 మీటర్ల పొడవుకు 1 మీటరు వాలు ఉండేటట్లు వేస్తారు. నీరు సెకనుకు సుమారు 60 సెంటీమీటర్ల వేగంతో పారితే ఇసుకను, మడ్డిని తనతోపాటు ఈడ్చుకుపోతుంది. వాలు తగ్గితే వేగం తగ్గుతుంది, మడ్డి అడుగున పేరుకుంటుంది. చెరువులో ఒండ్రు పేరుకోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే.

అడ్డు ఎలా ఏర్పడుతుంది?

అమ్మ వేడివేడి గిన్నెను కడిగినప్పుడు అందులోని నూనె, నెయ్యి ద్రవరూపంలో పైపులోకి జారతాయి. లోపల చల్లబడి గోడలకు అంటుకుంటాయి. వాటికి అన్నం మెతుకులు, వెంట్రుకలు, ప్లాస్టిక్ సంచులు తోడవుతాయి. ఇంకొక కారణం కూడా ఉంది. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లు కఠిన జలం. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి, నీటిలో కరగని తెల్లని తెట్టు అవుతుంది.

చిన్న ప్రయోగం: రెండు సీసాలు తీసుకోండి. ఒకదానిలో వాన నీరు, రెండవదానిలో బోరు నీరు సగం వరకు పోయండి. రెండింటిలోను ఒకే పరిమాణంలో బట్టల సబ్బు ముక్క వేసి బాగా కుదపండి. దేనిలో నురగ ఎక్కువ వచ్చింది? దేనిలో తెట్టు కట్టింది? ఆ తెట్టే మీ పైపు గోడలకు పట్టేది.

మరి యాసిడ్ ఎందుకు పనిచేయలేదు? హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నపు పొరను కరిగిస్తుంది. కాని ప్లాస్టిక్‌నూ, వెంట్రుకలనూ, గడ్డకట్టిన కొవ్వునూ కరిగించలేదు. పైగా దానితో బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ వెలువడుతుంది. అది ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు. ఆ రెండింటినీ ఎన్నడూ కలపరాదు.

అడ్డు ఎక్కడ ఉంది?

ఇప్పుడు మన తగాదాకు వద్దాం. అడ్డుకు ఎగువన నీరు నిలుస్తుంది, దిగువన ఖాళీగా ఉంటుంది. ఈ ఒక్క సూత్రం చాలు.

ప్రహరీగోడ దగ్గర ఇంటి ఛాంబరు మూత తీయాలి. స్నానాలగదిలో నీరు నిలిచి ఉండి ఛాంబరు ఖాళీగా ఉంటే, తప్పు ఇంటి పైపుదే. ఛాంబరు కూడా నిండి ఉంటే అడ్డు దానికి అవతల ఉన్నట్లు.

ఇక వీధిలోకి వెళ్దాం. ఇంటి ముందునుంచి గల్లీ మూల వరకు మోరీ మీద 16 బండలు ఉన్నాయనుకోండి. అన్నీ ఎత్తనవసరం లేదు. పెద్దవారిని తోడు తీసుకుని, 8వ, 9వ బండల మధ్య సందులోంచి టార్చిలైటు వేసి చూడండి. నీరు నిండుగా ఉంటే అడ్డు దిగువ సగంలో ఉంది. ఖాళీగా ఉంటే ఎగువ సగంలో ఉంది. అలా సగం, సగంలో సగం చూస్తూ పోతే 4 సార్లలోనే అడ్డు ఏ బండ కింద ఉందో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంటాయన "మోరీ జామ్ అయింది" అని ఊరికే చెప్పనవసరం లేదు. "11వ బండ వరకు నీరు నిలిచింది, 12వ బండ తర్వాత ఖాళీగా ఉంది" అని తేదీ వేసి, చిన్న పటం గీసి మునిసిపల్ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. కొలిచి చెప్పిన మాటను కాదనడం కష్టం.

దిగమని ఎవరినీ అడగవద్దు

ఒకవేళ అడ్డు మూత గల లోతైన మ్యాన్‌హోలులోనో, సెప్టిక్ ట్యాంకులోనో ఉందని తేలితే? "నాలుగు డబ్బులిస్తే ఎవరో ఒకరు దిగి తీస్తారు" అని సలహా చెప్పేవారుంటారు. అక్కడే ప్రాణాపాయం పొంచి ఉంది.

గాలి తగలని మురుగులో బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేస్తుంది. దాని అణుభారం 34. గాలి సగటు అణుభారం సుమారు 29. అందువల్ల అది అడుగున చేరుతుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. 10 లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్లు దాటితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. వాసన పోయింది కదా అని మనిషి ఇంకా లోపలికి దిగుతాడు! మోతాదు ఇంకా పెరిగితే నిమిషాలలోనే ప్రాణం పోతుంది.

2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోలులోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు ఊపిరాడక పడిపోయారు. వారిని కాపాడబోయిన ఒక ఆటోడ్రైవరు కూడా దిగాడు. ముగ్గురూ మరణించారు. అతని మనసు మంచిది. కాని విషవాయువుకు మంచివాడూ చెడ్డవాడూ అనే తేడా లేదు. ఎవరైనా అలా పడిపోతే వెంట దిగకూడదు. అగ్నిమాపక దళాన్ని పిలవాలి.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ నిషేధం ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మనిషి చేసే ఆ పనిని యంత్రం చేయగలదు. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు గల్లీలలో తిరగగల చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. అవి నీటిని అధిక పీడనంతో చిమ్మి అడ్డును పగలగొడతాయి.

మీకు పని

1. మీ ఇంటి నీళ్లు వంటింటి నుంచి, స్నానాలగది నుంచి ఏ దారిన వీధి మోరీకి చేరుతున్నాయో పటం గీయండి. అడ్డు వచ్చిన రోజున ఆ పటం పనికివస్తుంది.

2. ఒక వారం రోజులు జిడ్డు గిన్నెలను కడిగే ముందు పాత కాగితంతో తుడవమని ఇంట్లో చెప్పండి. జాలీలో చేరిన జిడ్డును అంతకుముందు వారంతో పోల్చి చూడండి.

3. 8 మీటర్ల పొడవైన పైపును 40కి 1 చొప్పున వాలుతో వేయాలంటే, ఒక కొస రెండవ కొసకంటే ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి? (జవాబు: 20 సెం.మీ.)