నావ అడుగుదూలము

కళింగపట్నమున, భీమునిపట్నమున జాలరులు పూర్వము తెప్పలపై వేటకు పోయెడివారని మీరు వినియుందురు. దుంగలు కట్టిన తెప్ప అడుగు చదునుగా నుండుటచే అలలపై తేలివచ్చి ఇసుక నెక్కెడిది.

యాట్ అను చిన్న తెరచాప నావ వేరుజాతిది. దానిక్రింద సీసముతోగాని యినుముతోగాని చేసిన బరువైన అడుగుదూల ముండును. దానినే కీల్ అందురు. ప్రక్కగాలి త్రోసినప్పుడది నీటిలో అడ్డుపలకవలె నిలిచి నావను కొట్టుకొనిపోనీయదు. ఒరిగిన నావను తన బరువుచే మరల నిలబెట్టును. అయితే అట్టి నావ ఇసుకయొడ్డున దిగజాలదు. విశాఖపట్నమువంటి లోతైన రేవు కావలెను.

పాత నావను కొనువాడు రంగును, తెరచాపను చూచి మురియరాదు. నావను గట్టున కెక్కించి, దూలమును బిగించిన బోల్టులు ఉప్పునీటికి తుప్పుపట్టినవేమో మొదట పరీక్షింపవలెను. అవి తెగినచో దూలమూడి నావ తలక్రిందులగును. జాషువా స్లోకమ్ అను నావికుడు శిథిలమైన ‘స్ప్రే’ నావకు ఓకు చెట్టును నరికి క్రొత్త దూలమమర్చి, పదుమూడు నెలలు శ్రమించి బాగుచేసెను. పిమ్మట 1895 మొదలు 1898 వరకు దానిలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చెను.

మనవారును వెనుదీయలేదు. 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, 2018 మే 21న భూమిని చుట్టి తిరిగివచ్చిన ‘తారిణి’లోని ఆరుగురు నౌకాదళ స్త్రీలలో విశాఖపట్నపు పి. స్వాతియు, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్యయు నుండిరి.

గట్టున నిలిచినవారికి అడుగుదూలము కనబడదు. గాలి వీచినప్పుడే దాని విలువ తెలియును. మన ప్రార్థనయు, ఏకాంతమున చేయు పాఠశ్రమయు నట్టివే. ముందు వానిని పరీక్షించుకొని పిమ్మట తెరచాప నెత్తుదము.